వెనుక కూర్చుండువారి మాట

సోదరీమణులారా! మోటారు సైకిలు కొనునప్పుడు మన యిండ్లలో జరుగు విచారణ మీ రెరుగనిది కాదు. వెల యెంత, లీటరు పెట్రోలునకు ఎంత దూరము నడచును, రంగేది అని యడుగుదురు. వెనుక కూర్చుండు మనిషికి కాళ్లు పెట్టుకొనుటకు చోటున్నదా యని యడుగువా రరుదు. ఆ వెనుక కూర్చుండునది తరచుగా మనమే. అడుగక యూరకుండునదియు మనమే.

మా వారు బడిపంతులు. మూడేండ్ల క్రిందట నొక పాత మోటారు సైకిలు కొనిరి. మా కాపురము తెనాలిలో. మా అమ్మ రేపల్లెలో నున్నది. నడుమ ముప్పది కిలోమీటర్లకు పైబడిన దారి. అమ్మ కాలు విరిగి మంచము పట్టినది మొదలు ప్రతి యాదివారము పోయి చూచి రావలెనని నిశ్చయించుకొంటిమి.

చీర కట్టుకొని యొక వైపునకు కూర్చుండుట నా యలవాటు. అట్లు కూర్చుండినచో నడుము మెలిదిరిగి యుండును. సీటు ముందునకు వాలి యుండుటచే బ్రేకు వేసినప్పుడెల్ల జారుచుంటిని. మెట్టు మరీ యెత్తున నుండుటచే మోకాళ్లు పైకి ముడుచుకొని, రేపల్లె చేరునప్పటికి పాదములు తిమ్మిరెక్కి నేలపై నిలువకుండెను. క్రమముగా నేను సాకులు వెదకసాగితిని. ఒక వారము తలనొప్పి, ఒక వారము చుట్టములు, ఒక వారము వ్రతము. "నా కూతురికి తీరిక లేదు" అని అమ్మ పొరుగింటివారితో ననినట్లు నా చెవిని బడెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు సిగ్గు విడిచి మా వారితో నున్నదున్నట్లు చెప్పితిని. "ఇన్నాళ్లేల చెప్పలేదు?" అనిరి. "మీరు ముచ్చటపడి కొన్న బండికి వంక పెట్టుట యెట్లని యూరకుంటిని" అంటిని. వారు మరేమియు ననక, సాయంకాలము తమ మిత్రునిచే బండి నడిపించి, తాము వెనుక కూర్చుండి వేమూరు దాక పోయి వచ్చిరి. దిగి మోకాళ్లు రాచుకొనుచు, "రేపే సీటు కుట్టువానికడకు పోదము" అనిరి.

అచ్చట నేనొక పొరపాటు చేసితిని. మెత్తనిదే సుఖమని తలచి మెత్తని స్పాంజి వేయించితిని. పది కిలోమీటర్లు పోవునప్పటికి అది యణగిపోయి, అడుగున నున్న గట్టి పలక తగులజొచ్చెను. పతంజలి ఆసనమునకు సుఖముతోపాటు స్థిరత్వమును గూడ చెప్పిన సంగతి చిన్ననాడు మా తండ్రిగారికడ చదువుకొంటినే గాని, బండి సీటునకు అన్వయించుకొనలేదు!

రెండవమారు ఆ పనివాడే విశదపరచెను. శరీరభారము పిరుదుల యెముకలపై సమముగా నిలువవలెను. అందుకు స్పాంజి గట్టిదిగాను, సీటు వెడల్పుగాను, వాలు లేక సమముగాను ఉండవలెను. పైన మాత్రము పలుచగా మెత్తనిది పరచవచ్చును. కాళ్లకు చోటు కావలెనన్న సీటునకును మెట్టునకును నడుమ దూరము పెరుగవలెను. మెట్టు దించినచో బండి మలుపులో వాలినప్పుడు నేలకు రాచుకొనవచ్చును. ముందు సీటు ఎత్తు చేసినచో, ఆపినప్పుడు నడుపువారి కాళ్లు నేల కందవు. కావున వెనుక భాగము మాత్రము ఒక అంగుళ మెత్తు చేయించితిమి. నల్లని రెక్సిను ఎండకు కాలునని, పైన గాలి యాడు వల తొడుగు వేయించితిమి.

ఇక మిగిలినది నా కూర్చుండు తీరు. ఇరువైపుల కాళ్లు వేసి కూర్చుండినచో నడుము తిన్నగా నుండును, రెండు పాదములకు ఆధారము దొరకును, పడు భయమును తక్కువ. అందుకు పంజాబీ దుస్తులు కావలెను. అత్తగారేమందురో యని సంకోచించితిని. ఆమె వినినది, నన్నెగాదిగ చూచినది. "పడకుండ పోయి రా, అమ్మాయీ. అంతకన్న మర్యాద యేమున్నది?" అనెను.

ఆ దుస్తులతో తొలిసారి అమ్మ యెదుట నిలిచినప్పుడు ఆమె నవ్వి, "ఏ వేషమైతేనేమి, వచ్చితివి గదా!" అనెను. అటుపై నే నొక్క యాదివారమును తప్పలేదు. దారిలో నొకచోట దిగి యైదు నిమిషములు నడచుట మాత్రము మానను.

సోదరీమణులారా! బండి కొనకముందే మీరును వెంట వెళ్లుడు. అంగడిలో నిమిషము కూర్చుండిన చాలదు. వీలైనచో అరగంటయైన వెనుక కూర్చుండి తిరిగి చూడుడు. పట్టుకొనుటకు పిడి, కాలు పెట్టుటకు మెట్టు, బట్టలు చిక్కుకొనకుండ వెనుక చక్రమునకు సగమైన కప్పు ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలే చెప్పుచున్నవి. శిరస్త్రాణము ఇరువురికిని ఉండవలెను. నొప్పి కలిగినచో మొదటి దినముననే చెప్పుడు. నేను చెప్పని యా నెలలలో మా అమ్మ యెన్ని యాదివారములు వాకిలివైపు చూచెనో!