పొట్లం విప్పకముందే



డిసెంబరు వచ్చిందంటే మన మందిరంలో సండేస్కూలు పొట్లాల లెక్క మొదలవుతుంది. పిల్లలెంతమంది, కేకు ఎన్ని కిలోలు, చిక్కీలెన్ని అని. ఈ ఏడు ఆ లెక్కలో ఇంకో ప్రశ్న కూడా రాయమని టీచర్లతో చెప్పాను: ఏ బిడ్డకు ఏది పడదు?

మన సంఘంలో ఒక పాపకు పల్లీలు పడవు. ఒకసారి పల్లీ ఉండ కొరికిన కాసేపటికే పెదవులు వాచి, ఊపిరి అందక, ఆసుపత్రిలో సూదిమందుతో బతికింది. అప్పటినుంచి ఆ తల్లి క్రిస్మస్ నాడు పాటలయ్యేదాకా కూర్చుని, పొట్లాలు పంచే వేళకు బిడ్డ చేయి పట్టుకొని ఇంటికి వెళ్లిపోతుంది. ఎవరినీ ఏమీ అనదు. యేసయ్య పుట్టినరోజున ఆయన మందిరంలోంచి ఒక బిడ్డ అలా వెళ్లిపోవడం నాకు బాధగా ఉంది.

మనం 'పడదు' అనే మాటను చాలావాటికి వాడతాం. కడుపుబ్బరం చేసినా పడదంటాం, రుచి నచ్చకపోయినా పడదంటాం. అందుకే 'ఒక్క ముక్కకేం కాదులే, తిను' అని ప్రేమగా నోట్లో పెట్టేస్తాం. అలర్జీ అలాంటిది కాదు. కొందరు పిల్లల విషయంలో ఆ ఒక్క ముక్కే ప్రాణం మీదికి తెస్తుంది.

కొరింథు సంఘంలో విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి తగవు వచ్చింది. తినడంలో దోషం లేదని పౌలుకు తెలుసు. అయినా తన తిండి సహోదరునికి కీడు చేసేటట్లయితే మాంసమే మానేస్తానన్నాడు. అక్కడి సంగతి మనస్సాక్షిది, ఇక్కడిది శరీరానిది. ప్రేమ నడిచే దారి మాత్రం ఒకటే. బలహీనుణ్ణి వేరే పంక్తిలో కూర్చోబెట్టమని పౌలు అనలేదు, తన కంచంలోదే తీసేశాడు. వేరే పంక్తి ఎంత నొప్పో మన తాతలకు బాగా తెలుసు.

కాబట్టి ఆ పాప ఒక్కదానికే వేరే పొట్లం కట్టవద్దు. అందరి పొట్లంలోంచీ పల్లీ చిక్కీ తీసేద్దాం. తల్లిదండ్రులను అడిగి, అందరికీ పడేవే పెడదాం. అరటిపండు, రంగు పెన్సిళ్లు, ఒక నోట్‌బుక్కు పెట్టినా పిల్లలు సంతోషిస్తారు. బిస్కెట్లు, చాక్లెట్లు కొంటే సీలు వేసిన ప్యాకెట్లే కొనండి. 2020 నాటి లేబుల్ నిబంధనల ప్రకారం గోధుమ, పాలు, గుడ్డు, వేరుశెనగ, జీడిపప్పు, సోయా వంటివి ఉంటే ప్యాకెట్ మీద అచ్చు వేయాలి. అక్షరాలు చిన్నవి, మన యూత్ పిల్లలు చదివి చెబుతారు. విడిగా తూచి ఇచ్చే మిఠాయి మీద ఆ అచ్చు ఉండదు. గుడ్డు లేని కేకులోనూ పాలు, జీడిపప్పు ఉండొచ్చు.

క్యారల్స్ రాత్రులు ఇంకా జాగ్రత్త కావాలి. ఇంటింటా ఏదో ఒకటి చేతిలో పెడతారు. చీకటి, పక్కన అమ్మ ఉండదు. అందుకే ఈసారి ప్రతి బిడ్డకూ ఒక సంచి ఇస్తాం. ఇచ్చినవన్నీ అందులో వేసుకోవాలి, ఇంటికి వెళ్లి అమ్మ చూశాకే తినాలి. ఈ నియమం పిల్లలందరికీ. క్రిస్మస్ కేకు పొరుగిళ్లకు పంపేటప్పుడు కూడా అందులో ఏమేం వేశారో ఒక మాట చెప్పండి.

ఇంకొక సంగతి. ఏదైనా తిన్న బిడ్డకు ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం కనబడితే వేడి చేసిందనో దిష్టి తగిలిందనో ఆగవద్దు. దద్దుర్లు తగ్గించే మాత్ర ఊపిరిని కాపాడలేదు. అప్పుడు కావలసింది అడ్రినలిన్ ఇంజెక్షను. ముందు 108కి ఫోన్ చేయండి, తర్వాత నన్ను పిలవండి. అంబులెన్సు వచ్చేలోగా బిడ్డ పక్కనే ఉండి ప్రార్థన చేద్దాం. ఆ మందూ దేవుడిచ్చిన మేలే.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక టీచర్లు పుస్తకం పట్టుకొని గుమ్మం దగ్గర ఉంటారు. మీ బిడ్డకు పడనిది ఏదైనా ఉంటే మొహమాటపడకుండా రాయించండి. ఈ క్రిస్మస్‌కు ఆ తల్లి, పాప చివరిదాకా మనతో కూర్చునేలా ప్రభువు మనకు సహాయం చేయును గాక. ఆమేన్.