బూడిద తిన్న పొయ్యి

రాజోలు దీవిలో గల్ఫ్‌కి మనిషిని పంపని వీధి అరుదు. కువైట్, దుబాయ్, మస్కట్‌ల నుంచి వచ్చే కార్గోలో ఒకప్పుడు టేప్‌రికార్డర్లు, దళసరి దుప్పట్లు దిగేవి. ఇప్పుడు బార్బెక్యూ గ్రిల్లులూ దిగుతున్నాయి. అలాంటిదొకటి రిపేరుకొచ్చిందని తెలిసి, రాజోలు సెంటరు దాటి, కొబ్బరితోట అంచున ఉన్న వెల్డింగ్ షెడ్డుకి వెళ్లాను. గేట్లు, కిటికీ ఊచలు చేసే చోటది.

గ్రిల్లు బోర్లా పడి ఉంది. మూత మీద నల్లరంగు ఇంకా నిగనిగలాడుతోంది. అడుగున మాత్రం మేస్త్రి స్క్రూడ్రైవరుతో ఇలా పొడవగానే రేకు అప్పడంలా విరిగి రాలింది.

"నిప్పుల వేడికి పోయిందా?" అన్నాను.

"నిప్పుకేం కాదండి. బూడిద తినేసింది" అని, పక్కనే నిలబడ్డ యజమానివైపు తిరిగాడు. "బూడిద ఎప్పుడు తీశారండి?"

కువైట్‌లో చాలాకాలం వంటపని చేసొచ్చిన ఆ పెద్దమనిషి నీళ్లు నమిలాడు.

మేస్త్రి మాట నిజమే. కొబ్బరిచిప్పల బొగ్గు బూడిదలో పొటాష్ లవణాలు బాగా ఉంటాయి. అవి గాలిలో తేమ లాగేసుకుంటాయి. మాంసం నుంచి కారిన ఉప్పూ నిమ్మరసమూ, సముద్రం మీదుగా వచ్చే ఉప్పుగాలీ దానికి తోడు. వానాకాలమంతా మూత కింద ఆ తడి ముద్ద అలాగే ఉండిపోతే లోపలి నుంచి తుప్పు తినుకుంటూ వస్తుంది. పైకి ఏమీ తెలియదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్ల కిటికీలు చూసినవాళ్లకి ఉప్పుగాలి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

యజమాని ఇంట్లో మిగిలిన జీఐ రేకు ముక్క చంకలో పెట్టుకొచ్చాడు. ఇదే వేసేయమంటాడు. మేస్త్రి ముట్టుకోలేదు. "దాని మీద జింకు పూతండి. అంటిస్తే తెల్లపొగ లేస్తది. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరమే."

జింకు 419 డిగ్రీలకి కరుగుతుంది, 907 డిగ్రీలకి మరిగి ఆవిరైపోతుంది. వెల్డింగ్ మంట ముందు ఆ లెక్కలేపాటి? రగిలిన బొగ్గులు కూడా ఆ మొదటి అంకెను సులువుగా దాటేస్తాయి. తిండి వండే చోట ఆ రేకు వద్దంటే వద్దనే అంటాను నేనూ.

చివరికి మూడు మిల్లీమీటర్ల నల్లరేకు ఒప్పుకున్నారు. గ్రైండరుతో చిల్లుల చుట్టూ గట్టి రేకు తగిలేదాకా కోసేశాడు మేస్త్రి. పాత రేకు పల్చన. దాని అంచు మీద రాడ్డు ఆనించి లాగితే ఇంకో చిల్లు పడుతుంది. అందుకని కొత్త ముక్కను లోపలి నుంచి వేలెడు ఎడం ఎక్కువుండేలా పరిచి, ఇటొక టాకా, ఎదురుగా అటొక టాకా వేశాడు. ఒకే పక్క వరసగా వేసుకుపోతే వేడికి రేకు మెలి తిరుగుతుందట. టాకాకీ టాకాకీ మధ్య చెయ్యి ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ మొదలు. చూసేవాళ్లకి విసుగు పుట్టే పని.

పైన మాంసం కాల్చే ఊచలు 304 రకం స్టెయిన్‌లెస్‌వి. వాటికి స్టెయిన్‌లెస్ రాడ్డే వాడాడు. మామూలు రాడ్డయితే ముందు అతుకుల దగ్గరే తుప్పు మొదలవుతుంది. వేడికి ఆగే రంగు బయటికే. లోపల రంగు లేదు, నూనె రాసి కాల్చడమే.

అసలు మరమ్మతు ఇవేవీ కావని నాకనిపించింది. ఎవరూ అడక్కుండానే మేస్త్రి అడుగున అరచేతి వెడల్పు కోసి, కీలు పెట్టి చిన్న తలుపు బిగించాడు. తెరిస్తే బూడిదంతా కింద పెట్టిన డబ్బాలో పడిపోతుంది. కార్గోలో వచ్చినప్పుడు గ్రిల్లుకి ఆ ఏర్పాటే లేదు.

"కూలీ కొంచెం చూసి తీసుకోండి, కొత్తదే వచ్చేసేలా ఉంది" అని నసిగాడు యజమాని.

"ఆయ్, కొత్తది కొనుక్కోండి. దానికీ తలుపుండదు, మళ్లీ నా దగ్గరికే తెస్తారు" అన్నాడు మేస్త్రి నవ్వుతూ. ఆ పైన ఇంకో మాట: "ఇంటికెళ్లగానే పండుగప్ప పెట్టేయకండి. ముందు అరగంట ఉత్తి మంటే వెయ్యండి. రంగు వాసన పోవాలి."