హ్యాండిల్ తిప్పడానికే

పిడుగురాళ్ల దాటి గురజాల మీదుగా మాచర్ల వైపు బండి మీద రోజూ తిరిగే ఎవర్నైనా అడగండి, చేతుల తిమ్మిరి సంగతి చెబుతారు. బండి ఆపి స్టాండు వేశాక కూడా అరచేతుల్లో ఇంజను నడుస్తూనే ఉంటుంది. జేబులో చెయ్యి పెడితే తాళంచెవి ఏదో, చిల్లర ఏదో వేళ్లకు తెలియదు. తెల్లారకముందే పాలక్యాన్లు కట్టుకుని బయల్దేరేవాళ్లకీ, కొట్లకు సరుకు అందించే కుర్రాళ్లకీ, మారుమూల బడికి వెళ్లొచ్చే నాలాంటి పంతుళ్లకీ ఇది మామూలే. మామూలే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పట్టించుకున్నవాళ్లు ముందుగా చేసే పని మెత్తటి గ్రిప్పులు కొనడం.

ఒకే సిలిండర్ ఉన్న ఇంజను అదరడం దాని పుట్టుకలోనే ఉంది. పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకుంటుంటే, దానికి ఎదురు బరువు క్రాంక్ మీద ఎంత పెట్టినా లెక్క పూర్తిగా సరిపోదు. నిలువు కుదుపు తగ్గిస్తే ముందుకూ వెనక్కూ కుదుపు మొదలవుతుంది. ఇంజను నిమిషానికి 4,500 చుట్లు తిరుగుతోందంటే సెకనుకు 75 కుదుపులు. వీటిని చంపడానికే కొన్ని ఇంజన్లలో బ్యాలెన్సర్ షాఫ్ట్ పెడతారు. మా పల్నాట్లో దర్జాకు గుర్తుగా నడిపే బుల్లెట్‌కు దశాబ్దాల పాటు అది లేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 350 సీసీ బళ్లలో 2020లో మీటియర్‌కు, 2021లో క్లాసిక్‌కు, 2023లో బుల్లెట్‌కు ఆ షాఫ్ట్ వచ్చింది. పాత బుల్లెట్ అభిమానులు కొత్తదాంట్లో ప్రాణం లేదంటారు. ఆ ప్రాణం తమ మణికట్ల ఖాతాలో పడుతోందని మాత్రం అనరు.

నాకు పాఠం చెప్పింది నరసరావుపేటలో చిన్న షెడ్డు వేసుకున్న మెకానిక్. హ్యాండిల్ చివర బిగించే బరువు దిమ్మలు వేయమని నేనడిగితే, ఆయన దిమ్మల డబ్బా తియ్యకుండా బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి ఇంజను ఆన్ చేశాడు. న్యూట్రల్‌లో ఎక్సిలరేటర్ మెల్లగా పెంచుతూ హ్యాండిల్‌ని రెండు వేళ్లతో తాకి చూశాడు. నిలబడ్డ చోటే అదిరితే ఇంజను వైపు చూడాలి. పరిగెత్తేటప్పుడే అదిరితే చక్రాలో, చైనో, హ్యాండిల్ మెడలోని కోన్‌సెట్ బేరింగులో. ఇంత చిన్న విషయం! ఖాళీ రోడ్డు మీద ఇంకో పరీక్ష కూడా ఉందన్నాడు. అదురు వచ్చే స్పీడులో క్లచ్ నొక్కి ఎక్సిలరేటర్ వదిలేయాలి. ఇంజను నెమ్మదించగానే అదురూ పోతే దొంగ ఇంజనే. పోకుండా చక్రంతో పాటు నడిస్తే టైర్లలో గాలి, రిమ్ము వంకర, బేరింగులు చూసుకోవాలి.

ఇంజను మౌంటింగ్ బోల్టులు బిగించడం, చైన్ సాగుడు సరిచేయడం పావుగంట పని. సున్నపురాయి లారీలు తొక్కి తొక్కి గుంతలు చేసిన రోడ్ల మీద తిరిగే బండికి ఆ బోల్టులు వదులు కావడం వింతేమీ కాదు. దిమ్మలు పనికిరావని ఆయన అనలేదు. హ్యాండిల్ గొట్టానికి దానిదంటూ ఒక ఊపు ఉంటుంది, చివర బరువు పెరిగితే ఆ ఊపు నెమ్మదిస్తుంది. అయితే ఒక స్పీడులో పోయిన అదురు ఒక్కోసారి ఇంకో స్పీడులో తేలుతుంది. రోజూ మీరు ఏ స్పీడులో పోతారో తెలిస్తేనే దాంతో లాభం. లావుపాటి స్పాంజి గ్రిప్పుల విషయంలో మాత్రం మొహమాటం లేకుండా వద్దన్నాడు. లావు పెరిగేకొద్దీ పట్టుకోవడానికి పిడికిలి మరింత బిగించాలి. గ్లవ్స్‌దీ దాదాపు అదే కథ: బాగా వేగంగా వచ్చే సన్నటి జిలను అవి కొంత మింగుతాయి కానీ, సెకనుకు డెబ్బై ఎనభై కుదుపుల దగ్గర అవి చేసేది తక్కువ. పడ్డప్పుడు అరచెయ్యి తోలు లేవకుండా కాపాడతాయి, అందుకు వేసుకోండి.

ఆ తర్వాత నన్ను బండి మీద కూర్చోమన్నాడు. "మామూలుగా ఎట్టా పట్టుకుంటారో అట్టాగే పట్టుకోండి మాస్టారూ." పట్టుకున్నాను. పక్కనుంచి చూసి నవ్వాడు. "హ్యాండిలు తిప్పటానికండీ, యాలాడటానికి కాదు."

అసలు కిటుకు అక్కడుంది. ఎంత గట్టిగా పట్టుకుంటే ఇంజను అదురు అంత తిన్నగా చేతి ఎముకల్లోకి పాకుతుంది. గట్టిగా ఎందుకు పట్టుకుంటాం? ముందు లారీ, కళ్లలో దుమ్ము, ఏ క్షణాన ఏ గుంతో తెలియని భయం. లేదంటే వెనక కూర్చున్నవాళ్లు ముందుకు జరుగుతూ ఉంటే మన బరువంతా అరచేతుల మీద పడుతుంది. ట్యాంకును మోకాళ్లతో పట్టుకుంటే నడుము నిలుస్తుంది, చేతులు తేలికవుతాయి. చేత్తో గట్టిగా తిప్పాల్సినంత బిగుసుకున్న ఎక్సిలరేటర్ కేబుల్‌లో నాలుగు నూనెచుక్కలు వేస్తే పిడికిలి దానంతటదే సడలుతుంది. క్లచ్, బ్రేక్ లివర్ల బ్రాకెట్ వదులు చేసి, ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే వరసలో ఉండేలా కాస్త కిందికి వంచి బిగించాడు. నా దగ్గర తీసుకున్నది బోల్టుల పని కూలి మాత్రమే. లివర్లు వంచినందుకు డబ్బులేంటని కసురుకున్నాడు కూడా.

ఏ వేళ్లకు తిమ్మిరి పడుతోందని ఆయనే అడిగాడు. చాలామందిలాగే నేనూ "చెయ్యంతా" అన్నాను. గమనిస్తే చెయ్యంతా కాదు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం — ఇవి మణికట్టు మధ్యలోంచి వెళ్లే మీడియన్ నరం పాలు. ఎక్సిలరేటర్ తిప్పి మణికట్టును వెనక్కి వంచి పట్టుకుంటే ఈ నరం నలుగుతుంది. చిటికెన వేలు, ఉంగరపువేలిలో మిగిలిన సగం అల్నార్ నరానివి. అరచెయ్యి అడుగు భాగం మీద బరువు మోపితే ఆ నరానికి ఒత్తిడి. మొదటి రకమైతే లివర్ల కోణం, రెండో రకమైతే కూర్చునే తీరు మార్చాలి. ఈ నరాల పేర్లు నేను తర్వాత చదువుకుని తెలుసుకున్నవి. ఆయనకు పేర్లు తెలియవు, ఏ వేలికి ఏ స్పానర్ అన్నది మాత్రం తెలుసు.

ఆ చదువులోనే తగిలింది అలీస్ హామిల్టన్ పేరు. 1918లో ఈ అమెరికా డాక్టరమ్మ ఇండియానా రాష్ట్రంలో గాలి సుత్తులతో సున్నపురాయి చెక్కే పనివాళ్ల చేతులు పరీక్షించింది. చలికి వాళ్ల వేళ్లు పాలిపోయి, స్పర్శ పోయేది. సున్నపురాయి! మా దాచేపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల నిలబడ్డదే దాని మీద. ఇక్కడా క్వారీల్లో కంప్రెసర్ డ్రిల్లు పట్టేవాళ్లున్నారు. మా బడి పిల్లవాడి తండ్రి ఒకాయన పగలంతా డ్రిల్లు పట్టి, సాయంత్రం పాత బండి మీద ఇంటికొస్తాడు. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతోందని బడి గుమ్మంలో నవ్వుతూ చెప్పాడు. డ్రిల్లుదో బండిదో చెయ్యి విడదీసి చూడదు, రెండూ ఒకే పద్దులో పడతాయి. ఐరోపా దేశాల్లో 2002 నాటి ఆదేశం ప్రకారం పని వల్ల చేతికి చేరే కంపనాన్ని ఎనిమిది గంటల సగటుగా లెక్కగట్టి, ఒక హద్దు దాటితే యజమాని తగ్గించి తీరాలి. కంపనం వల్ల వేళ్లు తెల్లబడే జబ్బును బ్రిటన్ 1985లోనే వృత్తి వ్యాధిగా ఒప్పుకుంది. జపాన్‌లోనైతే మోటార్‌సైకిళ్ల మీద ఉత్తరాలు పంచే పోస్ట్‌మెన్ చేతులను కూడా పరీక్షించారు. వేళ్లు తెల్లబడటానికి చలి కావాలి. మాచర్ల ఎండలో అది కనిపించదు కాబట్టి జబ్బు లేదనుకోవడం తప్పు, తరచూ తిమ్మిరి రూపంలోనే అది ముందు వస్తుంది.

క్వారీ యజమానులకు నేను చెప్పగలిగింది ఒక్కటే: డ్రిల్లు ఒక్కరి చేతికే రోజంతా ఇవ్వకండి, వంతులు వేయండి. బండి నడిపేవాళ్లు గ్రిప్పులకు డబ్బు పెట్టేముందు లివర్లు వంచి, కేబుల్‌కు నూనె వేసి, వారం రోజులు పిడికిలి వదులుగా పట్టి చూడండి. అప్పటికీ రాత్రిళ్లు తిమ్మిరితో మెలకువ వస్తున్నా, చేతిలో గ్లాసు జారుతున్నా మెకానిక్ షెడ్డు వద్దు, నరాల డాక్టరు దగ్గరికి వెళ్లండి. షుగర్, థైరాయిడ్ ఉన్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి, ఆ పరీక్షలూ చేయించుకోండి. ఏ చెయ్యి, ఏయే వేళ్లు, ఎంతసేపు అన్నది కాగితం మీద రాసుకుని వెళితే డాక్టరు పని సగం తగ్గుతుంది.