మాతృక

ఏ ప్రతిని చూచి మరొక ప్రతిని వ్రాస్తారో దానిని గ్రంథ పరిష్కర్తలు ‘మాతృక’ అంటారు. తాళపత్రాలతో చిరకాలం గడిపిన నాకు ఈ మాట సుపరిచితం. కాంపాక్ట్ డిస్క్ తయారీని గూర్చి చదువుతుండగా ‘తల్లి’ అనే మాట అక్కడ కూడ ఎదురై నన్ను ఆకర్షించింది.

ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి రూపొందించిన ఈ డిస్కుల ఉత్పత్తి 1982 ఆగస్టులో జర్మనీలోని హానోవర్ సమీపాన, లాంగెన్‌హాగెన్‌లో ప్రారంభమైంది.

మొదట నున్నని గాజు పలకపై కాంతికి స్పందించే లేపనం పూస్తారు. లేజరు కిరణం కేంద్రం సమీపం నుండి అంచు వైపునకు చుట్లు తిరుగుతూ దానిపై సంకేతాలను లిఖిస్తుంది. రసాయన ద్రవంతో కడిగినప్పుడు కిరణం సోకిన చోట సూక్ష్మమైన గుంటలు ఏర్పడతాయి. చుట్టుకూ చుట్టుకూ నడుమ దూరం 1.6 మైక్రాన్లు మాత్రమే. ఆ చుట్లను విప్పి సాగదీస్తే ఐదు కిలోమీటర్లకు మించుతుంది!

ఆ గాజుపై లోహపు పూత వేసి, విద్యుత్తు సాయంతో నికెలును పేర్చి పలకగా ఊడదీస్తారు. అది ‘తండ్రి’. తండ్రి నుండి తీసినది ‘తల్లి’. తల్లి నుండి పుట్టిన ‘కుమారులే’ అచ్చులు. అచ్చు అమర్చిన మూసలోనికి సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో కరిగిన పాలికార్బొనేట్‌ను ఒత్తిడితో పంపగా, కొద్ది సెకన్లలో 12 సెంటీమీటర్ల వ్యాసం గల బిళ్ళ వెలువడుతుంది. దానిపై అల్యూమినియం పూత, ఆపై రక్షక లేపనం వేసి, పేరు ముద్రిస్తారు.

గాజు పలకపై ధూళికణం పడినా ఆ దోషం వంశమంతటికీ సంక్రమిస్తుంది. మాతృకలోని తప్పు ప్రతులన్నింటికీ ప్రాకినట్లే! అయితే పద్యంలో అక్షరం జారితే యతిభంగమో, గణభంగమో దానిని పట్టి ఇస్తుంది; పండితుడు సవరిస్తాడు. డిస్కుకు కూడ అట్టి ఛందస్సు ఉన్నది. 1960లో రీడ్, సోలమన్ అనే గణితవేత్తలు ప్రకటించిన విధానం ననుసరించి, అసలు సంకేతాలతో పాటు అదనపు సంకేతాలను చేరుస్తారు. చిన్న గీత పడినా యంత్రం వాటి ఆధారంతో లోపించిన దానిని తిరిగి గణించుకొంటుంది. నియమం బంధనం కాదు, రక్ష అని నేను తరగతిలో చెప్పే మాటకు ఇంతకంటె మంచి నిదర్శనం నాకు దొరకలేదు.

అయినను ఏ రక్షకైనా హద్దు ఉన్నది. పేరు ముద్రించిన వైపున లేపనం మిక్కిలి పలుచన. అది చెదరి అల్యూమినియం చెడిపోతే ఏ గణితమూ ఆదుకోలేదు. నేడు పాటలు అంతర్జాలం ద్వారానే అధికంగా వినిపిస్తున్నవి. ఎన్నో ఇళ్ళలో పాత డిస్కులు పెట్టె అడుగుకు చేరినవి. వాటిలో కొన్నింట, మరెక్కడా లభింపని పెద్దల కంఠస్వరం ఉండవచ్చు. తాటాకు శిథిలం కాకమునుపే కొత్త ఆకుపై వ్రాసుకొన్న లేఖకుల వల్లనే ప్రాచీన కావ్యాలు మనకు దక్కినవి. విద్యార్థులారా! మీ ఇంటిలోని మాతృకకు ప్రతి తీయవలసిన వారు మీరే.