కొడవలికి ఒర కట్టుకుందాం వదినె

వదినె, గోడ మీద పెట్టిన ఆ కొడవలి తీసి లోపల పెట్టు. పిల్లలు ఈడనే గోలీలాడుతున్నరు. లోపలంటే ఎక్కడ పెట్టాల్నంటవా? కష్టమంతా అక్కడనే ఉన్నది. పెంకుటిండ్లల్ల కొడవలి, గొడ్డలి, మచ్చుకత్తి అన్నీ చూరుల దోపేటోళ్లు. పెద్దోళ్ల చేతికి అందేది, పిల్లలకు అందకపోయేది. వాన తగలకపోయేది. ఇప్పుడు మన మానుకోటలనే కాదు, చుట్టుపక్కల తండాలల్ల గూడ స్లాబులే ఆయె. స్లాబుకు చూరేది? కొడవలేమో మెట్ల కింద చీపుర్ల నడుమ పడి ఉంటున్నది, గొడ్డలేమో బాత్రూం గోడకు ఆనిచ్చి ఉంటున్నది. ఇండ్లు మారినంక గూడ పనిముట్లను పాత తీరుగనే వదిలేసినం. కమ్మరాయన లారీ కమాన్ పట్టీ కొలిమిల కాల్చి, సాగగొట్టి కత్తి చేసిస్తడు. కామ పెట్టిచ్చుకుంటం. ఒర మాత్రం ఎవ్వరూ ఇయ్యరు, మనమూ అడగం.

కొడవలికైతే పైస ఖర్చు లేదు. మిరప చేన్లల్ల పాత డ్రిప్పు పైపులు చుట్టలు చుట్టి గట్ల మీద పారేస్తరు గద, 16 మిల్లీమీటర్ల నల్ల పైపు, అది తెచ్చుకో. కొడవలి వంపు పొడుగు కొలిచి ముక్క కోసి, ఒక పక్క నిలువునా చీరి, పదును దిక్కు ఎక్కించు. మెత్తటి పైపు, కొడవలి ఎట్ల తిరిగితే అట్లనే తిరుగుతది. పండ్ల కొడవలికి గూడ ఇదే సరిపోతది. ఎక్కించేటప్పుడు పదునుకు ఎదురుంగ అరచెయ్యి పెట్టి నొక్కకు, కొస నుంచి మెల్లగ జరుపుకుంట రా. ఊడకుండ పాత సైకిల్ ట్యూబు నుంచి గుండ్రంగ కోసిన పట్టీలు రెండు మూడు వేస్తే అయిపాయె.

గొడ్డలికి ఇది ఆగదు. దాని బరువుకు పైపు జారిపోతది. భూపాలపల్లిల మా అక్కోళ్లింట్ల చూసిన, బావ సింగరేణిల చేసిండు గద, బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు ఎంత గట్టిదో ఆయనకెరుక. పాత సామాన్ల దుకాణంల ఒక ముక్క కొనుక్కొచ్చి దానితోటే చేసిండు. ఆ బెల్టుల రబ్బరు నడుమ గట్టి గుడ్డ పొరలుంటయి, పదును తొందరగ దిగదు. మందం ఉంటది కాబట్టి మడతకు రాదు. అందుకే ముందు గొడ్డలిని కాయితం మీద పెట్టి గీత గీసి, చుట్టూ వేలెడంత ఎక్కువ వదిలి, రెండు ముక్కలు కోసిండు. పదును ఆనే దిక్కున ఆ రెండింటి నడుమ ఇంకో సన్న పట్టీ పెట్టిండు. దబ్బనం దిగకపోతే డ్రిల్లుతోటి బెజ్జాలు కొట్టి, రివెట్లు బిగించిండు.

ఆ నడుమ పట్టీని మాత్రం మర్వకు వదినె. రివెట్లు కాకుండ కుట్టుకుంటే, అది లేకపోతే పదును పోయి సక్కగ కుట్టు మీదనే ఆనుతది. బయటికి కనపడకుండ లోపల్లోపల కుట్టు తెగుతది. ఒర ఉన్నది గద అన్న ధైర్యంతోటి పట్టుకున్న చెయ్యి తెగుతది. అసలు ఒర లేని గొడ్డలి దగ్గర మనిషి జాగ్రత్తగనన్న ఉంటడు. తెగిన ఒర అంతకన్న చెడ్డది.

గోనె సంచి చుడుతా అంటవేమో. బస్సెక్కేటప్పుడు ఆ పూటకైతే చుట్టుకో, అట్లనే వదిలెయ్యకు. గోనె తేమ పడుతది, వానకాలంల తుప్పు లేస్తది. తోలు మంచిదే గని, పాత బూట్లు, సంచుల మెత్తటి తోలు క్రోము ఉప్పులతోటి శుద్ధి చేసింది, ఇనుమును తింటది. మనం బతుకమ్మల పెట్టే తంగేడు ఉన్నది సూడు, దాని చెక్కతోటి ఊరేసిన తోలైతే నయం. దేంతోటి చేసినా, అడుగున నీళ్లు కారేటందుకు చిన్న బెజ్జం పెట్టు. తడి తుడిచి, ఆముదం రాసినంకనే కత్తిని లోపల పెట్టాలె.

జనగామ దిక్కు మా తమ్ముడు తాళ్లెక్కుతడు. గీత కత్తి పదును తగ్గితే గెల కొస పలచగ తెగదు, కల్లు సరిగ పారదు. దినాం నూరుకుంటడు. అంత పదును నడుముకు పెట్టుకొని పైకి పోతడు, నాకు గుండె దడ. చెట్టు మీంచి పడకుండ 2024 జూలై 14న లష్కర్‌గూడల ముఖ్యమంత్రి ‘కాటమయ్య రక్ష’ కిట్లు మొదలువెట్టిండు, మంచి పని. బెల్టు, తాళ్లు మనిషిని ఆపుతయి. కాలు జారి చెట్టుకు గుద్దుకుంటే కత్తిని ఆపాల్సింది ఒరనే. వాడికి వెడల్పు పీవీసీ పైపు ముక్కను మసిలే నీళ్లల్ల ముంచి, మెత్తబడంగనే రెండు చెక్కల నడుమ ఒత్తి, చప్పటగ చేసుకోమన్న. పట్టకారుతోటి పట్టుకోవాలె, చేతులు కాలుతయి. నిప్పుల మీద కాల్చకు అని గట్టిగ చెప్పిన, ఆ పొగ ఊపిరికి చెరుపు.

అన్నిటికన్న నాకు భయం ఆటోలది వదినె. పొద్దుగాల కూలికి పోయే ఆడోళ్లు ఒకరి మీద ఒకరు కూసోని, కాళ్ల నడుమ కొడవళ్లు వట్టిగ పెట్టుకుంటరు. గుంతల రోడ్డు మీద ఆటో ఒక్కసారి ఎగిరితే ఎవరి పిక్కల దిగుతదో చెప్పలేం. పొద్దంత కూలి చేస్తేనే పొయ్యి వెలిగే ఇండ్లు అవి. కాలు కోసుకుంటే కుట్లు, ధనుర్వాతం సూది, వారం పది దినాల కూలి పోవుడు. పైపు ముక్కతోటి ఆగే నష్టం ఇది.

రేపు పైపు చుట్ట తెప్పిస్త, మీ ఇంట్ల పాత ట్యూబు ఉంటే తీసి పెట్టు. ముందుగాల నీతోటి ఆటోల వచ్చేటోళ్ల కొడవళ్లన్నిటికి తొడుగుదాం. మన గొడ్డళ్లకు తర్వాత చేసుకోవచ్చు.