‘కట్టు’ వెంట పోచంపల్లి నుంచి గద్వాల దాకా

పోచంపల్లి

చెల్లే,
జర్మన్‌లో ‘త్సూగ్’ అనే ఒక్క మాటకు ఇంగ్లీషులో ట్రెయిన్, ప్రొసెషన్, చదరంగంలో మూవ్, గదిలోకి దూరే గాలికి డ్రాఫ్ట్, ముఖానికి ఫీచర్ అని ఇన్ని అర్థాలెందుకని అడిగావు. ఆ మాట ‘లాగు’ అనే క్రియ నుంచి పుట్టింది. మన ‘కట్టు’దీ అదే తీరు. దాని అర్థాలు ఈ దారి పొడవునా జనం చేతుల్లో కనిపిస్తున్నాయి.

పోచంపల్లిలో కట్టడమంటే టై. నేతకు ముందే నూలు మీద గుర్తులు పెట్టి, అక్కడ రబ్బరు పీలికలు బిగించి కడతారు. కట్టినచోట రంగు అంటదు. ఇదే చిటికి పని. ‘ఇకత్’ పేరు కూడా మలయ్ భాషలో కట్టడం నుంచే వచ్చింది. అంతకుముందు ఆసు పోయాలి, అంటే నూలును మేకుల చుట్టూ వరుసగా తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

నాగార్జునసాగర్

నల్లగొండ పక్కన పానగల్లులో ఉదయసముద్రం ఉంది. కందూరు చోడుల నాటి చెరువు. అక్కడ కట్టడమంటే బిల్డ్. మట్టితో కట్టింది కట్ట అయింది. కట్టెలదైతే అదే కట్ట ఇంగ్లీషులో బండిల్.

సాగర్ డ్యాముకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఇంత పెద్ద ఆనకట్టను రాయి మీద రాయి పేర్చి కట్టారు. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఇలాంటి ఎన్నో ప్రాజెక్టులు కట్టారు. మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న అడ్వాన్సును కష్టంతో కట్టారు. ఈ రెండో ‘కట్టు’ ఇంగ్లీషులో పే. ఊళ్లో వాళ్ల చెలకలు మాత్రం వాన కోసమే ఎదురుచూశాయి. ఆనకట్టల చరిత్రలో వాళ్ల పేరు ముందు రావాలి.

గద్వాల

ఇక్కడి సంప్రదాయ చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ నూలునూ పట్టునూ మగ్గం మీదే కలుపుతారు. ఈ చీర కడితే వేర్. పాట కడితే కంపోజ్. బండి కడితే ఎద్దులను కాడికి పూన్చడం. తాళి కడితే పెళ్లి.

ఇలాంటి మాటలకు అర్థాలు కూర్చిన సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. మాటలు పోగుచేయడానికి ఆయన పండితులను కూర్చోబెట్టుకుని ఏళ్ల తరబడి పనిచేశారు. నువ్వూ నీ జర్మన్ నోట్‌బుక్‌లో మాట ఒక్కటే రాసి వదిలేయకు. పక్కన దాని వాక్యం రాయి. అమ్మమ్మ ‘కట్టు’ను ఎన్ని పనులకు వాడుతుందో అడిగి, అదీ రాసిపెట్టు.

మీ అన్న