అట్లాంటాలో ‘మిస్ జాక్సన్’

2001 ఫిబ్రవరిలో అట్లాంటా ర్యాప్ బృందం అవుట్‌కాస్ట్ వాళ్ల పాట ‘మిస్ జాక్సన్’ అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో ఒకటో స్థానానికి చేరినప్పుడు నేను వాళ్ల ఊళ్లోనే ఉన్నాను. జార్జియా స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ మొదటి ఏడాది. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని. ఆ చలికాలమంతా ఊరు ఊరంతా ఒకటే పాట. ఫైవ్ పాయింట్స్ స్టేషన్‌లో రైలు దిగి పైకొస్తే, సిగ్నల్ దగ్గర ఆగిన కార్లలోంచి అదే. హాస్టల్ గోడ అవతలినుంచి అదే. లైబ్రరీ వెనక గదిలో, వాపసొచ్చిన పుస్తకాల బళ్ల మధ్య చిన్న రేడియో ఒకటి ఉండేది. అందులోనూ గంటకోసారి అదే.

ఆ రేడియో మాతో పనిచేసే ఒక పెద్దావిడది. నల్లజాతి మనిషి. ఈస్ట్ పాయింట్ నుంచి మార్టా రైల్లో వచ్చేవారు. పాట మొదలవగానే వాల్యూమ్ కాస్త పెంచి, “మా పిల్లలు” అనేవారు. మొదట్లో అది మాటవరసకు అంటున్నారనుకున్నాను. తర్వాత తెలిసింది: అవుట్‌కాస్ట్‌లోని ఆండ్రే బెంజమిన్, బిగ్ బాయ్ అని అందరూ పిలిచే ఆంట్వాన్ ప్యాటన్, ఇద్దరూ ఈస్ట్ పాయింట్‌లోని ట్రై సిటీస్ హైస్కూల్లో చదివినవాళ్లే. ఆవిడ చిన్నకొడుకు కూడా ఆ బళ్లోనే చదివాడట.

1995 సంగతి ఆవిడ చెబితేనే విన్నాను. న్యూయార్క్‌లో సోర్స్ పత్రిక అవార్డుల సభ. ఉత్తమ కొత్త ర్యాప్ బృందంగా అవుట్‌కాస్ట్ పేరు చదవగానే జనం హేళనగా అరిచారు. ర్యాప్ అంటే న్యూయార్క్‌ది, లేదంటే లాస్ ఏంజెలిస్‌ది. దక్షిణాది వాళ్లకు ఇక్కడేం పని అని. ఇరవై ఏళ్ల ఆండ్రే ఆ అరుపుల మధ్యే మైకు ముందు నిలబడి, దక్షిణాదికీ చెప్పుకోవడానికో మాట ఉందని చెప్పి దిగిపోయాడు. అది చెబుతున్నప్పుడు ఆవిడ చేతిలో పుస్తకం బండి మీదికి వెళ్లకుండా ఆగిపోయేది. ఆరేళ్లు తిరక్కుండా అదే బృందం దేశం మొత్తానికీ ఒకటో నంబరు పాట ఇచ్చింది. వాళ్లకు అదే మొట్టమొదటి నంబర్ వన్.

ఇంతకీ వాళ్లు చెప్పిన మాట ఏమిటి? ర్యాప్ అంటే కార్లు, డబ్బు, గొప్పలు అనుకునేవాళ్లకు ఈ పాట విషయం వింతగా ఉంటుంది. బిడ్డ పుట్టాక విడిపోయిన మగవాడు, ఆ బిడ్డ అమ్మమ్మకు చెప్పుకునే క్షమాపణ ఇది. ఆండ్రేకు గాయని ఎరికా బాడుతో ఒక కొడుకు. పేరు సెవెన్, 1997లో పుట్టాడు. పాట వచ్చేనాటికి తల్లీతండ్రీ ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. జాక్సన్ అన్న పేరు కల్పితం. ఆ అమ్మమ్మ, అంటే ఎరికా వాళ్లమ్మ, కల్పితం కాదు.

పాటలో బిగ్ బాయ్ కోపంగా మాట్లాడతాడు. కోర్టులు, పోషణ ఖర్చులు, బిడ్డ పుట్టినరోజుకు పిలవకపోవడం, అన్నీ ఏకరువు పెడతాడు. ఆండ్రే వంతు రాగానే గొంతు తగ్గుతుంది. నా ఉద్దేశం మంచిదే, నిలబెట్టుకోలేకపోయాం అంటాడు. బడిలో చేరే మొదటి రోజునా, చదువు పూర్తయ్యే రోజునా నేనుంటాను అని ఆ అమ్మమ్మకు మాటిస్తాడు. మధ్యలో పియానో మీద చర్చి పెళ్లిళ్లలో వాయించే బాణీ కాసేపు వినిపించి పోతుంది. జరగని పెళ్లి తాలూకు బాణీ అది. ఆ చోట నాకు ప్రతిసారీ గొంతు పట్టేసేది.

ఎందుకంటే మా అక్క అప్పటికి మూడేళ్ల కొడుకుతో తెనాలిలో మా అమ్మ దగ్గర ఉంది. గొడవ అక్కాబావలిద్దరిదీ. తప్పెవరిదన్నది నేనిప్పుడు తేల్చను. కానీ బావ మాట్లాడ్డం మానేసింది అక్కతో ఒక్కదానితోనే కాదు, బిడ్డతో, అమ్మతో, అందరితోనూ. ఆదివారాలు కాలింగ్ కార్డు గీకి ఫోన్ చేస్తే పిల్లాడి జ్వరం, వాడు తిన్నది, తిననిది, అన్నీ అమ్మే చెప్పేది. వాడు “నాన్నేడి?” అని అడిగింది మాత్రం చివర్లో, కార్డులో నిమిషాలు అయిపోయే ముందు చెప్పేది. మన సినిమాల్లో అత్త మీద ఎన్ని పాటలున్నాయో! దాదాపు అన్నీ ఆటపట్టించేవే. అత్తముందు తల వంచి, మీ అమ్మాయిని బాధపెట్టాను, మన్నించండి అనే అల్లుడి పాట ఒక్కటి కూడా నేను వినలేదు.

మార్చిలో కాబోలు, లైబ్రరీలో పనిచేసే ఆ పెద్దావిడ నన్ను భోజనానికి పిలిచారు. “బక్కచిక్కిపోతున్నావు హనీ, ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి రా” అన్నారు. ఇటుకల ఇల్లు, ముందు చిన్న వరండా. మొక్కజొన్న రొట్టె, చీజ్ వేసిన మాకరోనీ, నా కోసం మాంసం వేయకుండా విడిగా వండిన కొలార్డ్ ఆకుకూర. ఏడేళ్ల మనవడు బల్ల చుట్టూ పరుగులు. వాళ్లమ్మ, అంటే ఆవిడ కూతురు, ఆ పూట డ్యూటీలో ఉంది.

సాయంత్రం ఆ పిల్లాడి తండ్రి వచ్చాడు. మెట్ల కిందే నిలబడ్డాడు. పైకి రాలేదు, ఆవిడ రమ్మనలేదు. పిల్లాడి కోటు గుండీలు పెట్టి, సంచి చేతికిచ్చి, ఆవిడ మళ్లీ లోపలికి వెళ్లారు. అల్యూమినియం కాగితం కప్పిన పళ్లెం ఒకటి తెచ్చి, మెట్టు దిగి అతని చేతిలో పెట్టారు. అతను “యెస్ మ్యామ్, థాంక్యూ మ్యామ్” అని తల వంచి తీసుకున్నాడు. ఇంట్లో కూర్చుని తినమనలేదు, వట్టి చేతుల్తోనూ పంపలేదు.

కారు కదిలాక, ఆ పాట గురించి మీరేమంటారని అడిగాను. ఆవిడ తడుముకోకుండా అన్నారు: “పాటలో ఆ అబ్బాయి బాగానే అడిగాడు. నాకు మాత్రం క్షమాపణలు పాటల్లో అక్కర్లేదు. ఐదింటికొస్తానంటే ఐదింటికి రావాలి. ఇతను వస్తాడు. అందుకే ఆ పళ్లెం.”

ఆ మరుసటేడు ‘మిస్ జాక్సన్’కి గ్రామీ వచ్చింది. తర్వాత చాలా ఏళ్లకు ఎరికా బాడు ఒక ఇంటర్వ్యూలో అసలు సంగతి చెప్పింది. బిగ్ బాయ్ మాటలు విన్నప్పుడు తనకు నొప్పి కలిగిందట, ఆండ్రే మాటలకు మనసు నిండిందట. మరి వాళ్లమ్మ? ‘మిస్ జాక్సన్’ అని రాసిన కారు నంబరు ప్లేటు కొనుక్కుందట. కప్పూ, పెన్నూ కూడా. అది చదివి నేను ఒక్కదాన్నే పెద్దగా నవ్వాను, వెంటనే మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అమ్మ నవ్వలేదు. “పోన్లే, ఆవిణ్ణి అడిగినవాడున్నాడు” అంది.

మా అక్క కొడుకు 2019లో ఇంజనీరింగ్ పూర్తిచేశాడు. పట్టా ఇచ్చే సభకు అమ్మ మోకాళ్ల నొప్పులతోనే వెళ్లి ముందు వరసలో కూర్చుంది. బావ రాలేదు. మీలో ఎవరైనా బిడ్డను అత్తగారింట వదిలి దూరమైన తండ్రి ఉంటే, మిమ్మల్ని నిందించడానికి ఇది రాయలేదు. ఆ అమ్మమ్మకు ఒకసారి ఫోన్ చేయండి. ఈసారి బడి తెరిచే రోజున, చెప్పిన వేళకు వెళ్లండి.